రెండుసార్లు కదిలిన తాడు

"మా తమ్ముణ్ణి మా ఆయన చంపాడా, లేదా? అదొక్కటి తేల్చి చెప్పండమ్మా. ఇంకేం అడగను."

పోలీస్‌స్టేషన్ వరండాలో బెంచీ చివర కూర్చుని ఆ మాట అన్న మనిషి కళ్ళలో తడి లేదు. మూడు రోజుల ఏడుపుతో అది అయిపోయినట్టుంది. డిటెక్టివ్ చేతి గడియారం చూసుకుని పుస్తకంలో రాసుకుంది: శుక్రవారం, పది ముప్పై అయిదు.

"చంపాడని తేలితే ఏం చేస్తావు?"

"ఇంటి గడప తొక్కనివ్వను."

"కాదని తేలితే?"

"చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. లోకం ఏమన్నా సరే."

ఇంత సూటిగా పని అప్పజెప్పినవాళ్ళని డిటెక్టివ్ చూసి చాలా కాలమైంది. మామూలుగా వచ్చేవాళ్ళంతా నిజం కావాలనే అంటారు. తీరా చేతిలో పెడితే ఇది కాదు, ఇంకో రంగులో ఉందా అని అడుగుతారు.

సంగతి ఇది. ఆమె భర్త సినిమాల్లో బాంబులు పేల్చే మాస్టర్. ఆమె తమ్ముడు ఫైటర్. హీరోల బదులు మేడల మీంచీ గుర్రాల మీంచీ పడేవాడు. ఎంత ఎత్తునుంచి పడినా లేచి దులుపుకునేవాడు కాబట్టి అందరూ రబ్బరు అని పిలిచేవారు. బావా బావమరదులిద్దరూ ఒకే యుద్ధం సినిమాకి పనిచేస్తున్నారు. అందులో ఒక సైనికుడు శత్రువుల మధ్యనుంచి పరుగెత్తి అవతలి దళానికి కబురు చేరవేస్తాడు. మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తెగకుండా ఒకే షాట్‌లో తీసినట్టు కనబడాలని దర్శకుడి పంతం. మంగళవారం ఉదయం ఆ షాట్ నడుస్తుండగా గుంటలో పెట్టిన బాంబు ఏడు సెకన్లు ముందుగా పేలింది. అప్పటికి ఇంకో సైనికుడి వేషంలో రబ్బరు గుంటలోనే ఉన్నాడు. ఈసారి లేవలేదు. మీట నొక్కింది సొంత బావ.

లాకప్‌లో బాంబుల మాస్టర్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. కుడి కనుబొమ్మ సగం ఎప్పుడో కాలిపోయి మళ్ళీ మొలవలేదు.

"ఏడు సెకన్లు ముందు ఎందుకు నొక్కావు?" డిటెక్టివ్ ఉపోద్ఘాతాలు పెట్టుకోదు.

"తాడు కదిలిందమ్మా. రెండుసార్లు."

"ఏ తాడు?"

"మామూలు సినిమా అయితే కెమెరా వెనక పెళ్ళివారిలా వందమంది నిలబడొచ్చు. ఈ సినిమాలో కెమెరా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. దానికి వెనకంటూ లేదు. అందరం దాక్కోవాల్సిందే. నేను ఇసుక బస్తాల వెనక, ముప్పై గజాల దూరంలో ఉంటాను. అక్కడికి గుంట కనబడదు. వాడు గుంటలోకి దూకి, పక్కనున్న సిమెంటు తూములో దూరితే క్షేమం. దూరాడో లేదో నాకెలా తెలియాలి? అందుకని తాడు. ఒక కొస తూము లోపలి కడియానికి, రెండో కొస నా మణికట్టుకి. వాడు లోపలికెళ్ళి రెండుసార్లు లాగితేనే నేను నొక్కేది. పదిహేనేళ్ళుగా మా ఇద్దరి పద్ధతి అదే."

"దర్శకుడికి తెలుసా?"

"వద్దన్నాడు. తాడు కంటబడితే షాటంతా పోతుంది, సెకన్లు లెక్కపెట్టుకుని నొక్కు అన్నాడు. మేం వినలేదు. తాడుకి బురద రంగేసి మట్టిలో పూడ్చాం."

"ముందురోజు నలుగురి ముందూ రబ్బరుని చెంపమీద కొట్టావట."

మాస్టర్ తన అరచేతి వైపు చూసుకున్నాడు. "తాడొద్దు బావా, దొరికితే నా పని ఊడుతుంది అన్నాడు. కొట్టాను."

"నాలుగింటికి నేరం ఒప్పుకుంటూ సంతకం పెడతానన్నావట. తాడు కదిలితేనే నొక్కినప్పుడు, ఒప్పుకోడానికేముంది?"

"నొక్కింది నేనే కదమ్మా," అని అతను మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

బయట ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. ఒకప్పుడు డిటెక్టివ్ ఇదే స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా అతను ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆవిడ రాసిన రిపోర్టుల కింద తన సంతకం పెట్టుకుని మెట్టుమెట్టూ పైకెక్కాడు. ఉద్యోగం వదిలి సొంతంగా కేసులు పట్టుకునే ఆవిడకి మిగిలింది జిడ్డమ్మ అనే పేరు.

"విన్నావా అక్కా, తాడు కథ? చెవిలో పువ్వు పెడుతున్నాడు. బస్తాల దగ్గర తాడు లేదు, తూము దగ్గర తాడు లేదు."

"తూము నోరు మట్టితో మూసుకుపోయిందట. తవ్వి చూశారా తమ్ముడూ?"

"తవ్వక్కర్లేదు. మొత్తం షాట్ మా దగ్గరుంది. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు, మధ్యలో రెప్పపాటు కూడా ఆగలేదు. గుంట చుట్టుపక్కల రబ్బరు తప్ప ప్రాణమున్న మనిషే లేడు. సరే, తాడుందనే అనుకుందాం. లాగిందెవరు? దెయ్యమా?"

"ఆ షాట్ నేనూ చూస్తాను."

"చూడు. నాలుగింటికి మాత్రం సంతకం అవుతుంది. పైవాళ్ళకి ఈ కేసు ఇవాళే ముగియాలి."

పన్నెండుంబావుకి సినిమా కంపెనీ వాళ్ళ చిన్న హాల్లో షాట్ వేశారు. ఇన్‌స్పెక్టర్ వెనక వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. దర్శకుడు నిలబడే ఉన్నాడు. మెత్తగా, ఆగి ఆగి మాట్లాడే మనిషి. అలా మాట్లాడేవాళ్ళ మాట ఎవరూ మధ్యలో అందుకోరని అతనికి బాగా తెలుసు.

మొదటిసారి డిటెక్టివ్ కథ చూసింది. రెండోసారి గడియారం పెట్టుకుని చూసింది. హీరో కందకంలోంచి లేచి పరుగు మొదలుపెడతాడు. నాలుగు నిమిషాల నలభై నాలుగో సెకనులో అతని బూటు ఒక నీటిగుంటలో పడుతుంది. నలభై ఆరులో పక్కన పేలుడు, తెరంతా పొగ. యాభై అయిదులో పొగ విడిపోతుంది. మట్టిలో పడున్న శవాలమీంచి కెమెరా జారి హీరో వైపు తిరుగుతుంది. అయిదు నిమిషాల రెండో సెకనులో రబ్బరు గుంటలో బాంబు. అనుకున్న లెక్క ప్రకారం అది అయిదు తొమ్మిదికి పేలాలి. అక్కణ్ణుంచి షాట్ మరో నాలుగున్నర నిమిషాలు నడుస్తుంది. చివర్లో కెమెరా వెనక్కి తిరిగి మైదానాన్నంతా ఒకసారి చూపిస్తుంది.

"ఈ షాట్ సినిమాలో వాడుకుంటారా?" డిటెక్టివ్ అడిగింది.

"ఆయన త్యాగం వృథా పోకూడదు కదండీ," అన్నాడు దర్శకుడు.

డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది. త్యాగమట! పోయినవాడు ఎవరికీ ఏమీ ఇస్తానని మొక్కుకోలేదు. రోజుకూలికి దూకాడు.

"మైదానంలో ఎన్ని శవాలు?"

"నలభై. అన్నీ బొమ్మలే. మనుషులైతే కదులుతారు, ఊపిరి పీలుస్తారు. నాకు పనికిరారు."

"ఇదంతా ఒక్క షాటేనా? మధ్యలో అతుకు లేదు?"

"లేదు. మా సినిమా గొప్పే అది. పోస్టర్ మీద కూడా అదే వేశాం."

మూడోసారి వేయించి, డిటెక్టివ్ రెండుచోట్ల ఆపమంది. ఒకటి నలభై నాలుగో సెకను దగ్గర. హీరో బూటు పడగానే నీటిగుంట అంతా కలకబారి ఎర్రబురద పైకి లేచింది. రెండోది యాభై ఆరు దగ్గర. పొగ విడిపోయింది. అదే నీటిగుంట. నీళ్ళు అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి. ఒడ్డున పాతిన కాలిపోయిన గుంజ నీడ అందులో చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

"బురదనీళ్ళు పన్నెండు సెకన్లలో తేరుకుంటాయాండీ?"

అంతవరకూ తొణక్కుండా మాట్లాడిన దర్శకుడు, నీళ్ళ గురించి అడిగేసరికి నీళ్ళు నమిలాడు. "వెలుతురు... కోణం మారింది కదా. అలా కనబడుతుంది."

"కావచ్చు," అంది డిటెక్టివ్.

ఆవిడ ఇంకోటి కూడా చూసింది గానీ పైకి అనలేదు. యాభై ఏడో సెకనులో నీటిగుంట పక్కన బోర్లా పడున్న సైనికుడి శవానికి అరచెయ్యి తెరిచి ఉంది. తొమ్మిది నిమిషాల ముప్పై ఒకటో సెకనులో, కెమెరా వెనక్కి తిరిగినప్పుడు, అదే శవం పిడికిలి బిగించి ఉంది.

ఒకటింబావుకి ఆవిడ సినిమా మైదానంలో ఉంది. వద్దన్నా ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. ఆవిడని ఒంటరిగా వదిలితే ఏం తవ్వుకొస్తుందో అతనికి అనుభవమే.

డిటెక్టివ్ సరాసరి నీటిగుంట దగ్గరికెళ్ళి, చెప్పులతోనే దిగి రెండు కాళ్ళతో తొక్కి, బయటికొచ్చి టైము రాసుకుంది. ఒకటి ఇరవై.

"ఇదేం ఆటక్కా ఈ వయసులో?"

"నువ్వు నీళ్ళు చూస్తూ ఉండు తమ్ముడూ. తేటపడగానే చెప్పు. ఆ పనైనా సొంతంగా చేయి."

ఇసుక బస్తాలుండాల్సిన చోట ఖాళీ నేల ఉంది. మంగళవారం సాయంత్రమే కంపెనీ మనుషులు వాటిని ఎత్తేశారట. చచ్చినవాడి ఒళ్ళింకా చల్లారకముందే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే ఇదే. డిటెక్టివ్ అక్కణ్ణుంచి గుంట వైపు గీత గీసినట్టు నడిచి, రెండు బారల దూరంలో మోకాళ్ళమీద కూర్చుని పారతో మట్టి తోడింది. జానెడు లోతులో వేలెడు మందాన తాడు దొరికింది. బురద రంగుది. బస్తాల వైపు కొస కత్తితో కోసి ఉంది. ఆ కోత కొత్తది.

తాడు వెంట మట్టి తీసుకుంటూ వెళ్ళింది. పద్దెనిమిది గజాలు తిన్నగా వెళ్ళిన తాడు, నీటిగుంట దగ్గరికొచ్చేసరికి ఉన్నట్టుండి పక్కకి వంగి పైకి తేలింది. మూరెడు మేర ఎవరో పక్కకి గుంజినట్టుంది. మళ్ళీ మట్టిలోకి దిగి తిన్నగా తూము దాకా వెళ్ళింది. తూము నోట్లో మట్టి తోడితే లోపల కడియం, దానికి ముడి.

తాడు వంగినచోట నేలమీద మనిషంత అచ్చు పడి ఉంది. అచ్చు వెనక, మడిచి పారేసినట్టు ఒక బొమ్మ సైనికుడు.

"పదిహేను నిమిషాలైంది. ఇంకా మురుగులాగే ఉన్నాయి," అని అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"ఇటు రా. ఈ బొమ్మని ఎత్తి చూడు. ఎంత బరువు?"

"పిల్లాడంత కూడా లేదు. లోపలంతా గడ్డి."

"మరి ఈ అచ్చులో మోకాళ్ళు చూడు, మోచేతులు చూడు. నాలుగు వేళ్ళు లోతు దిగాయి. గడ్డిబొమ్మకి అంత బరువెక్కణ్ణుంచి వచ్చింది?"

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. ముఖం మాడింది గానీ గొంతు తగ్గలేదు. "సరే, షాట్ తెగింది. తెగితే తెగింది. తాడూ ఉంది. అయినా మీట నొక్కిన చెయ్యి మారదుగా? నాలుగింటికి వాడు సంతకం పెట్టాక నీ తాడూ నీ నీళ్ళూ అటక మీద పడుంటాయి."

"మూడు రోజులు ఈ మైదానం నీ కాపలాలో ఉంది. ఒక్క పార మట్టి తీయించలేదు. నీ దగ్గర పని నేర్చుకోడానికి ఎవడైనా వస్తే ముందు పార పట్టుకోవడం నేర్పు. నేను నీకు అదే నేర్పాననుకున్నాను."

"నువ్వు నేర్పింది నిజమేనక్కా. నేర్పి ఎక్కడున్నావు? బురదలో."

అది పుండు మీద కారం చల్లినట్టే తగిలింది. డిటెక్టివ్ నీటిగుంట దగ్గరికెళ్ళి కూర్చుంది. ఒకటి నలభై రెండుకి గుంజ నీడ నీళ్ళలో నిలబడింది. ఇరవై రెండు నిమిషాలు. పొగ చాటున ఆ షాట్ కనీసం అంతసేపు ఆగింది. ఆ ఇరవై రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు మైదానంలోకి వచ్చి, తిరిగి బయటికి పోలేదు.

ఇలాంటి సినిమాకి అతుకు వేసేటప్పుడు ముందు ఏది ఎక్కడుందో తర్వాత కూడా అక్కడే ఉండేలా చూసే మనిషి ఒకరుంటారు. హీరో గుండీ ఊడిందా, పెట్టుకున్నాడా, కట్టు ఏ చేతికి ఉంది అన్నీ ఫొటోలు తీసుకుని సరిచూసే మనిషి. కంటిన్యూటీ అమ్మాయి అంటారు. మంగళవారం నుంచి ఆ అమ్మాయి పనిలోకి రావడం లేదు. జ్వరమట.

రెండు నలభైకి డిటెక్టివ్ ఆ అమ్మాయి అద్దెగది తలుపు తట్టింది. పాతికేళ్ళుంటాయి. గదిలో మంచం కంటే ఫొటోలే ఎక్కువ చోటు తీసుకున్నాయి. గోడలనిండా వరసల్లో అంటించి, ప్రతిదాని కింద టైము రాసుంది.

"జ్వరం ఎంతుంది?"

"తగ్గిందండీ."

"కుడిచెయ్యి చూపించు."

అమ్మాయి కుడిచెయ్యి కోటు జేబులోంచి తీయలేదు. డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూపించకపోయినా ఫరవాలేదు. అరచేతిలో తోలు లేచిపోయి ఉంటుంది. గట్టి తాడుని ఒట్టిచేత్తో గుంజితే అంతే."

అమ్మాయి గోడకి ఆనుకుని మెల్లిగా కిందికి జారి కూర్చుంది.

"మీకు ఎవరు చెప్పారు మేడమ్?"

"నీటిగుంట చెప్పింది. నువ్వు అన్నీ సరిచూశావు. శవాలు, తుపాకులు, గుంజ, అన్నీ ఫొటోలో ఉన్నట్టే పెట్టావు. నీళ్ళు కలపడం మాత్రం మరిచిపోయావు."

"ఫొటోలో తెలీదు మేడమ్," అంది అమ్మాయి, పరీక్షలో తప్పు పట్టుకున్నట్టు. "నలుపూ తెలుపూలో నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి."

"ఆ ఇరవై రెండు నిమిషాలు చెప్పు."

ఆ అమ్మాయి చెప్పింది. పొగలో ఒక షాట్ ముగుస్తుంది, పొగలోంచే రెండోది మొదలవుతుంది. చూసేవాళ్ళకి అతుకు కనబడదు. ఆ మధ్యలో మనుషులందరూ తిరిగేసరికి నేల చిందరవందరైంది. తను ఫొటో పట్టుకుని అన్నీ మళ్ళీ సర్దింది. బయటికి పరుగెత్తేలోపే పొగ వదిలేశారు. ఇలాంటప్పుడు అక్కరకొస్తాయని ఈ సినిమాలో అందరూ సైనికుడి బట్టలే వేసుకుంటారు. తను ఒక బొమ్మని వెనక్కి నెట్టి దాని చోట బోర్లా పడుకుంది.

"కెమెరా నా మీంచి దాటాక కళ్ళు తెరిచాను. ముక్కు ముందే మట్టిలోంచి తాడు తేలుంది. జనం తొక్కుళ్ళకి పైకొచ్చినట్టుంది. ఫొటోలో తాడు లేదు మేడమ్. చివర్లో కెమెరా మళ్ళీ అటు తిరుగుతుంది. కనబడితే నలభై రోజుల రిహార్సలూ మట్టే. నాదే తప్పవుతుంది. పట్టుకుని నా కిందికి లాగాను. రాలేదు. ఇంకోసారి లాగాను."

గది బయట ఎవరో మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ చప్పుడు ఆగాక డిటెక్టివ్ అడిగింది.

"అది దేనికో తెలుసా?"

"అప్పుడు తెలీదు. ఒట్టు మేడమ్. సాయంత్రం మాస్టరుగారు తాడు గురించి చెప్తున్నారని విన్నాక తెలిసింది. వెంటనే దర్శకుడిగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన అంతా విని, నువ్వు నీ పని చేశావమ్మా, తాడు పెట్టడం వాళ్ళ తప్పు, అన్నారు. నోరు తెరిస్తే జైలుకెళ్ళేది నువ్వే అన్నారు. ఇంటికెళ్ళి జ్వరం తెచ్చుకో అన్నారు."

"జ్వరం తెచ్చుకో" అన్న మాటని డిటెక్టివ్ ఉన్నదున్నట్టు రాసుకుంది. తర్వాత కలం ఆపింది. అడగకుండా లేచి వెళ్ళిపోవచ్చు. కావలసింది దొరికింది. కానీ ఊరికే రాలేదు ఆవిడకి జిడ్డమ్మ అన్న పేరు.

"బాంబు పేలగానే ప్రాణం పోయిందని రిపోర్టులో రాశారు. అంతేనా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది.

"ఎంత దూరంలో ఉన్నావు?"

"ఎనిమిది గజాలు. గుంట అంచు నాకు కనబడుతూనే ఉంది. చెయ్యి ఒకసారి పైకి వచ్చింది. 'బావా' అని పిలిచాడు. చాలాసార్లు. దూరంగా దెబ్బలు తగిలిన సైనికుల వేషాలవాళ్ళు కేకలు పెడుతూనే ఉన్నారు. అందులో కలిసిపోయింది. హీరోగారు కూడా అతన్ని దాటుకునే వెళ్ళారు."

"నువ్వు లేవలేదు."

"కట్ చెప్పలేదు మేడమ్." అమ్మాయి మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. "నేను శవాన్ని కదా. శవం ఎలా లేస్తుంది?"

డిటెక్టివ్‌కి ఆ అమ్మాయి చెంప పగలగొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు.

"ఎంతసేపు?"

"చివరిదాకా. దర్శకుడిగారు 'ఓకే' అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక చూస్తే, పిలుపు కూడా ఆగిపోయింది."

ఒక సంగతి డిటెక్టివ్ మనసులో ముల్లులా కదిలింది. ఇసుక బస్తాలు గుంటకి ముప్పై గజాలే. వెంటనే ఆ ఆలోచనని పక్కకి నెట్టేసింది. టైము మూడు ఇరవై.

"నాతో వచ్చి ఇదంతా చెప్తావా? జైలు పడుతుందో లేదో నేను మాటివ్వలేను."

అమ్మాయి గోడ మీంచి రెండు ఫొటోలు తీసింది. ఒకటి పొగకి ముందుది, ఒకటి అతుకు సరిచూసుకున్నది. రెండింటి కిందా టైము ఉంది. మధ్యన తేడా ఇరవై నాలుగు నిమిషాలు.

మూడు నలభై ఎనిమిదికి ఇద్దరూ స్టేషన్ మెట్లెక్కారు. ఇన్‌స్పెక్టర్ బల్లమీద ఒప్పుకోలు కాగితం టైపై సిద్ధంగా ఉంది, పక్కన కలం. డిటెక్టివ్ దాని మీద ఫొటోలు పెట్టింది, వాటి మీద కోసిన తాడు కొస పెట్టింది. అమ్మాయి నిలబడే అంతా చెప్పింది, పిలుపు సంగతి తప్ప. అది చెప్పొద్దని డిటెక్టివ్ దారిలోనే అడిగింది. రేపు కోర్టులో ఎలాగూ బయటపడుతుంది. ఈ ఒక్క సాయంత్రమైనా ఆ ఇంట్లోవాళ్ళు దాన్ని మోయకపోతే మంచిదనుకుంది.

ఇన్‌స్పెక్టర్ ఫొటోలని రెండుసార్లు తిరగేశాడు. వెక్కిరింత ఏదో నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఒప్పుకోలు కాగితం మడిచి సొరుగులో పడేసి, జీపు తీయమని కానిస్టేబుల్‌కి చెప్పాడు. "దర్శకుణ్ణి తీసుకురండి. తాడు కోసింది ఎవరో వాళ్ళని కూడా." తర్వాత డిటెక్టివ్ వైపు చూడకుండానే అన్నాడు. "రిపోర్ట్ నువ్వే రాయక్కా. నీ సంతకంతోనే."

మాస్టర్ భార్యకి డిటెక్టివ్ ఒక్క ముక్కలో చెప్పింది. "మీ ఆయన తప్పు లేదు. తాడు నిజంగానే రెండుసార్లు కదిలింది. కదిలించింది మీ తమ్ముడు కాదు, అంతే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. అయిపోయాయనుకున్న కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. లాకప్ దగ్గరికెళ్ళి, కమ్మీల మధ్యనుంచి చెయ్యి పెట్టి మొగుడి చెయ్యి పట్టుకుంది. "పద. ఇంటికెళ్దాం. పిల్లలు అన్నం ముట్టలేదు."

అతను లేవలేదు. ఆమె భుజమ్మీంచి డిటెక్టివ్‌ని చూశాడు.

"ఆ అమ్మాయి గుంట పక్కనే ఉందన్నారు. ఇంకేమైనా చెప్పిందామ్మా?"

"నువ్వు విడుదలవడానికి కావలసిందంతా చెప్పింది. లే."

"వాడు పిలిచాడని చెప్పలేదా?"

"ఎవరు పిలిచారు?" అంది భార్య.

"ఇప్పుడొద్దు మాస్టర్," అంది డిటెక్టివ్ గట్టిగా. కానీ ఆ మనిషి మూడు రోజులనుంచి ఆ ఒక్క ప్రశ్న కోసమే గోడవైపు తిరిగి కూర్చున్నాడని ఆవిడకి అప్పుడే అర్థమైంది.

"పేలాక కూడా బతికే ఉన్నాడే వాడు," మాస్టర్ భార్యతో అన్నాడు. "బావా అని పిలిచాడు. నాకు వినబడింది. వేషం కడుతున్నాడనుకున్నానని చెప్పొచ్చు. అబద్ధమవుతుంది. వేషంలో ఉన్నవాడు నన్ను బావా అని ఎందుకు పిలుస్తాడు? ఏదో అయిందని తెలిసింది. లేద్దామనుకున్నాను. లేస్తే కెమెరాకి కనబడతాను. కట్ చెప్పలేదు. ఇంకా మూడు బాంబులున్నాయి. వాడు పిలుస్తూనే ఉన్నాడు. నేను ఆ మూడూ నొక్కాను. ఒక్క సెకను తేడా రాలేదు." అతను రొప్పుతున్నాడు. "ఆ సంతకం మీట నొక్కినందుకు కాదు. దీనికి. దీనికి ఏ కాగితమూ లేదు. అందుకని దాని మీదే పెడదామనుకున్నాను."

కంటిన్యూటీ అమ్మాయి మొహం రెండు చేతులతో కప్పుకుంది. కుడి అరచేతికి కట్టు ఉంది.

భార్య కమ్మీల మధ్యనుంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. విదిలించలేదు. వేడి గిన్నె మీంచి తీసినట్టు నెమ్మదిగా తీసుకుంది. కళ్ళు తుడుచుకుని ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ఈయన్ని వదిలేస్తారా?"

"కాగితాలు పూర్తవగానే. ఆరింటికల్లా బయటికొస్తాడమ్మా."

"వస్తే, ఎక్కడికెళ్తాడండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.